పొట్టేలు కొమ్ముల సైకిలూ, నా పనితనమూ

మొన్నీమధ్య అమలాపురంలో కొత్త సైకిల్ షాపు తెరుస్తూ రిబ్బను కత్తిరించమని నన్ను పిలిచారు. అద్దాల గోడలు, చల్లటి గాలి, గోడకి తగిలించిన సైకిళ్ళు. మా రోజుల్లో సైకిల్ నేల మీద నిలబడేది, మెకానిక్ దాని పక్కన మట్టిలో కూర్చునేవాడు. ఇప్పుడు సైకిల్ గోడెక్కింది, మెకానిక్ కుర్చీ ఎక్కాడు. అభివృద్ధి కాక మరేమిటి? శాలువా కప్పి, "కొత్తగా పనిలో చేరిన మా ముగ్గురు కుర్రాళ్ళకి రెండు ముక్కలు చెప్పండి గురువుగారూ" అన్నారు. నేను రెండో ముక్కకి వచ్చేసరికి ముగ్గురూ ఫోన్లు చూసుకుంటున్నారు. నోటితో చెప్పడం దండగని తేలిపోయింది కాబట్టి ఈ కాగితం పట్టుకున్నాను.

నా పేరు సత్తిబాబు. పి.గన్నవరం సెంటర్లో ముప్ఫై నాలుగేళ్ళు సైకిళ్ళు అమ్మాను, బిగించాను, బాగుచేశాను, కొన్నింటిని పాడుచేశాను. చివరిది మా వృత్తిలో ఎవరూ ఒప్పుకోరు. నేనూ చాలాకాలం ఒప్పుకోలేదు. ఎంతమందికి అమ్మానో, షాపు ఎప్పుడు పెద్దది చేశానో చెప్పి మిమ్మల్ని విసిగించను. పని గురించి మాత్రం చెబుతాను.

ఎంచుకోవడం అనే ముచ్చట

సైకిల్ కొనడానికి వచ్చినవాడు ముందు రంగు చూస్తాడు. తరవాత గంట కొట్టి చూస్తాడు. గంట బాగా మోగితే సగం బేరం అయిపోయినట్టే. చక్రం తిప్పి చూసినవాళ్ళని నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

తొంభైల్లో మా వైపు నల్ల రంగు పెద్ద సైకిలే రాజు. కడ్డీ బ్రేకులు, వెనకాల ఇనప క్యారేజీ. దాని మీద కొబ్బరి గెలలు వెళ్ళేవి, ధాన్యం బస్తా వెళ్ళేది, భార్యాపిల్లలు వెళ్ళేవారు, పండగలప్పుడు అందరూ కలిసే వెళ్ళేవారు. బ్రేకు పడేదా అని అడక్కండి. కాలు నేలకి ఆనించి ఆపడం మా ప్రాంతపు పద్ధతి. చెప్పులు కుట్టేవాళ్ళకి మా బ్రేకుల వల్లే నాలుగు మెతుకులు దొరికేవి.

ఆ రోజుల్లోనే వ్యవసాయశాఖ ఆఫీసరు గారొకాయన కాకినాడ నుంచి ఆరు గేర్ల సైకిల్ తెచ్చుకున్నారు. కోనసీమలో కొండన్నది లేదు. ఉన్న ఎత్తల్లా ఏటిగట్టూ, కాలవని ఏటి మీంచి దాటించే అక్విడెక్టూ. మూడేళ్ళు ఒకే గేరులో తొక్కి, ఒకరోజు దిగులుగా షాపుకి వచ్చారు.

"సత్తిబాబు గారూ, ఒక్క పళ్ళచక్రమే అరిగిందండి. మిగతా అయిదూ వాడకుండా పాడైపోతాయేమోనని బెంగగా ఉందండి."

"రోజుకొకటి చొప్పున వాడండి బాబూ. ఆదివారం సెలవిచ్చేయండి" అన్నాను.

ఆయన నోటు పుస్తకంలో రాసుకుని మరీ అలాగే వాడారు. సోమవారం నాడు ఆయన కాళ్ళు మిషను కుట్టినట్టు తిరిగేవి, శనివారం నాడు కదిలేవే కావు. చదువుకున్నవాళ్ళతో హాస్యం ఆడకూడదని అప్పుడే నేర్చుకున్నాను.

కాబట్టి కొత్తవాళ్ళకి నా మొదటి మాట ఇది. మనిషిని అడగవలసినవి నాలుగు ప్రశ్నలే. ఎక్కడి నుంచి, ఎక్కడికి, మధ్యలో ఏముంది, వెనకాల ఏం కట్టుకుంటారు. రంగు గురించి వాళ్ళే అడుగుతారు, మీరు తొందరపడనక్కర్లేదు.

సూర్యం గారి సూత్రం

నాకు పని నేర్పినాయన సూర్యం గారు. చక్రం తిప్పి, కళ్ళు మూసుకుని, ఏ స్పోకు వదులుగా ఉందో చెవితో చెప్పేవారు. అంతటి పనివాణ్ణి మళ్ళీ చూడలేదు. అంతటి అబద్ధాలకోరునీ చూడలేదు.

ఒకసారి పోస్టాఫీసులో పనిచేసే ఆయన సైకిలుకి సూర్యం గారు కాటర్ పిన్ను బిగించడం మరిచిపోయారు. పెడలుని ఇరుసుకి పట్టి ఉంచేది ఆ చిన్న మేకే. నడిరోడ్డు మీద పెడలు ఊడి, ఆయన మోకాలు చెక్కుకుపోయి, కుంటుకుంటూ వచ్చారు. సూర్యం గారు మోకాలు చూడలేదు, సైకిల్ చూడలేదు.

"ఏ రోడ్డున వెళ్ళేరండి?" అని అడిగారు.

"రాజోలు రోడ్డండి."

"అద్దీ సంగతి! ఆ రోడ్డు మీద కాటర్ పిన్ను నిలవదండి. ముందే నన్నడగాల్సింది."

ఆయన పొరపాటు తనదేనన్నట్టు తల ఊపి, కొత్త పిన్ను వేయించుకుని, దండం పెట్టి మరీ వెళ్ళారు. ఆ సాయంత్రం సూర్యం గారు నాకు సూత్రం చెప్పారు. "తప్పు సైకిల్‌ది. కాకపోతే రోడ్డుది. అదీ కాకపోతే తొక్కేవాడిది. షాపుది మాత్రం ఎప్పుడూ కాదురా. తెలీదన్న మాట నోట్లోంచి వచ్చిందా, రేపట్నుంచి నీ దగ్గరకెవడూ రాడు."

నేను పరవశించిపోయాను. మంచి గురువు దొరికాడని ఇంట్లో చెప్పుకున్నాను కూడా.

మెరుపు

తొంభై ఆరు తుపాను తరవాత నెలల తరబడి మా షాపు ముందు బురద సైకిళ్ళ బారులు. ఉప్పునీళ్ళలో నాని అన్నీ ఎర్రబారిపోయాయి. మా దగ్గర ఆ వేళకి చేతికందే నూనె కొబ్బరినూనే. చిలుము గీకి, నూనె గుడ్డతో తుడిచి ఇచ్చాను. సైకిళ్ళు తళతళలాడాయి. "సత్తిబాబు గారి చేతిలోంచి వచ్చిన సైకిల్లో మొహం చూసుకోవచ్చండి" అని పేరు వచ్చింది.

కొబ్బరినూనె చలికాలం గడ్డకడుతుందనీ, దుమ్ము పట్టి జిడ్డవుతుందనీ నాకు తెలుసు. తెలిసీ మానలేదు. మెరుపుకి గిరాకీ ఉంది, మరమ్మతుకి లేదు. బాగుచేసింది ఎవరికీ కనబడదు, తుడిచింది అందరికీ కనబడుతుంది. అప్పటినుంచి నా చేతి మీదుగా వెళ్ళిన ప్రతి సైకిలుకీ చివర్న నూనె గుడ్డ తగలాల్సిందే.

కువైట్ అట్టపెట్టె

రెండువేల ఏడో ఎనిమిదో, సరిగ్గా గుర్తులేదు. కువైట్‌లో డ్రైవరుగా పనిచేసే వీర్రాజు సెలవు మీద వచ్చి, ఆటోలో పెద్ద అట్టపెట్టె వేసుకుని షాపు ముందు దిగాడు. వెంట అతని మేనకోడలు నాగమణి. ఆ అమ్మాయి వాళ్ళది ఏటికి అవతల లంక. తండ్రి పడవ నడుపుతాడు. నాగమణి నగరం అనే పక్క ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకి చదువు చెబుతోంది.

పెట్టె విప్పితే ఎర్ర రంగు చట్రం, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, ముళ్ళముళ్ళ టైర్లు. చక్రాల మధ్య పళ్ళెం లాంటి ఇనప బిళ్ళలు. అవే డిస్కు బ్రేకులు. రిమ్ముని పట్టుకునే బదులు రెండు చిన్న దిమ్మలు ఆ బిళ్ళని నొక్కి చక్రాన్ని ఆపుతాయి. మోటారు సైకిళ్ళకి చూశాను గానీ సైకిలుకి చూడటం అదే మొదలు.

"దీన్ని సైక్లోక్రాస్ అంటారంటండి సత్తిబాబు గారూ. అక్కడి తెల్లోళ్ళు బురదలో పందేలేస్తారంటండి. అడ్డం వస్తే దిగిపోయి, భుజాన్నేసుకుని పరిగెడతారంటండి" అన్నాడు వీర్రాజు.

"దానికి మెడల్సు కూడా ఇస్తారేంటి?"

"ఆయ్, ఇస్తారంటండి."

మా లంకల్లో పాలు పోసేవాళ్ళు తాతల కాలం నుంచీ సైకిల్ భుజాన వేసుకుని పాయ దాటుతున్నారు. ఒక్కడికి మెడల్ కాదు గదా, గట్టెక్కాక ఎవరూ టీ కూడా పోయలేదు. ఇదేదో ఆట అని మాకు తెలిస్తే ప్రపంచంలో కప్పులన్నీ గన్నవరంలోనే ఉండేవి.

"ఇదే ఎందుకు కొన్నావయ్యా?" అని అడిగాను.

"ఎర్రగా బాగుందనండి" అన్నాడు.

నా నాలుగు ప్రశ్నలూ నాగమణిని అడిగాను. ఇంటి దగ్గర మెత్తటి ఇసుక. తరవాత పాయ, ఎండాకాలం మోకాల్లోతు నీళ్ళు, వరదల్లో పడవ. తరవాత ఏటిగట్టు మీద మట్టి బాట. ఆపైన నగరం దాకా తారు. వెనకాల పిల్లల నోటు పుస్తకాల సంచీ, అన్నం క్యారేజీ. ఇవికాక ఇంకోటి చెప్పింది.

"జిల్లా సెలక్షన్లున్నాయండి బాబాయిగారూ. రెండేళ్ళుగా అడిగి తెచ్చుకున్న సైకిల్ మీద తొక్కేనండి. ఓసారి నాలుగో స్థానం, ఓసారి మూడు. మొదటి ఇద్దరిలో ఉంటే రాష్ట్రం పోటీలకి పంపిస్తారండి. ఆ సర్టిఫికెట్టుంటే స్పోర్ట్స్ కోటాలో గవర్నమెంటు ఉద్యోగానికి అప్లై చేస్కోవచ్చని పి.ఇ.టి. మాస్టారు చెప్పేరండి. వయసు ప్రకారం నాకిదే ఆఖరి ఏడండి."

పొద్దున్న బడికి, డిసెంబరులో పందేనికి, రెంటికీ ఒకటే సైకిల్. రంగు చూసి కొన్న మేనమామ గుడ్డిగా సరైనదే తెచ్చాడు. నలభైమందికి నేను బుద్ధిగా ఎంచి ఇచ్చినవి ఇంత బాగా కుదరలేదు. ఈ విషయం వీర్రాజుకి చెప్పలేదు.

బిగింపు

"ఇలాంటివి మీకు అలవాటేనాండి?" అని నాగమణి అడిగింది. "చాలా చూసేనమ్మా" అన్నాను. సూర్యం గారు పై నుంచి దీవించి ఉంటారు.

వాల్వు పుల్లలా సన్నంగా ఉంది, నా పంపు దానికి పట్టలేదు. టైరు మీద ఇరవై ఎనిమిది అని ఉంటే మన ఇరవై ఎనిమిదే కదా, రోజూ తారు మీదికి మన నున్నటి టైరు వేద్దామని ఎక్కించబోయి, మధ్యాహ్నమంతా కుస్తీ పట్టాను. వాళ్ళ ఇరవై ఎనిమిదీ మన ఇరవై ఎనిమిదీ ఒకటి కావు. మనదే కాస్త పెద్దది, ఎక్కినట్టే ఎక్కి జారిపోతుంది. ఇది తెలుసుకోవడానికి నాకు రెండు గోళ్ళు ఖర్చయ్యాయి. అందుకని, పైదేశం సైకిల్ కొనేవాడు విడి టైర్లూ ట్యూబులూ దాంతోపాటే తెప్పించుకోవాలి.

ఇక ఒంటికి కుదర్చడం. వీర్రాజు తన ఎత్తుకి చూసి తెచ్చాడు, తొక్కేది మేనకోడలు. సీటు మీద కూర్చోబెట్టి, మడమ పెడలు మీద ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. అదే ఎత్తు. హ్యాండిల్ దూరమైపోయి అమ్మాయి బోర్లా పడుకున్నట్టు ఉంటే, దాన్ని పట్టే మెడ ముక్క తీసి పొట్టిది వేశాను. చట్రం మరీ పెద్దదైతే ఇవేవీ పనిచెయ్యవు. ఇక్కడ ఒక అంగుళంలో బతికిపోయాం.

బ్రేకులు నొక్కి చూస్తే ఎడం చెయ్యి ముందు చక్రాన్ని ఆపుతోంది. మనకి ముందు బ్రేకు కుడి చేతిలో కదా! అలవాటు కొద్దీ ఎడమది గట్టిగా నొక్కితే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. తీగలు విప్పి అటుదిటూ ఇటుదటూ మార్చాను. డిస్కుకీ దిమ్మకీ మధ్య సందు సరిచూడటానికి శుభలేఖ ముక్క దోపి బిగించి లాగేశాను. అంతకంటే మంచి కొలబద్ద ఇప్పటికీ లేదు, పెళ్ళిళ్ళు అవుతున్నంత కాలం కొరతా ఉండదు. వెనక క్యారేజీ కడ్డీ డిస్కు బ్రేకుకి అడ్డం వస్తే, మధ్యలో గొట్టం ముక్క పెట్టి పక్కకి జరిపాను. గాలి మాత్రం ఇసుకకి కాస్త తక్కువ, తారుకి ఎక్కువ. బొటనవేలితో నొక్కి ఎంతో నాగమణికే నేర్పాను. పందెం నాడు క్యారేజీ, మడ్‌గార్డులు విప్పేస్తే అదే రేసు సైకిల్, బిగిస్తే పంతులమ్మ సైకిల్.

బాగా కుదిరింది. నిజం చెప్పాలంటే నా పనితనం చూసి నాకే ముద్దొచ్చింది. రెండు నెలలు ఆ అమ్మాయి ఇసుకలో, నీళ్ళలో, గట్టు మీద తొక్కింది. బ్రేకు పట్టిందంటే సైకిల్ మేకు కొట్టినట్టు ఆగేది.

ముందు రోజు సాయంత్రం

సెలక్షన్ల ముందు రోజు బడి అయ్యాక క్యారేజీ విప్పించుకోవడానికి వచ్చింది. విప్పాను, గొలుసు చూశాను, బోల్టులు బిగించాను. పని అక్కడికి అయిపోయింది. కానీ రేపు అంతమందీ చూస్తారు. మన గన్నవరం సైకిల్ మెరవొద్దూ? నూనె గుడ్డ తీశాను. హ్యాండిలు తుడిచాను, చట్రం తుడిచాను. ఏటినీళ్ళకి మచ్చలు పడ్డ డిస్కులు కనబడ్డాయి. కొత్తలో అవి వాటంతట అవే మెరుస్తుంటే ముట్టుకోలేదు. ఇప్పుడు రెండూ శుభ్రంగా, ఓపిగ్గా, అటూఇటూ కొబ్బరినూనెతో తుడిచాను.

పని తెలిసినవాళ్ళు ఇక్కడికే నన్ను తిట్టడం మొదలుపెట్టి ఉంటారు. తెలియనివాళ్ళకి చెబుతాను. డిస్కుకి నూనె తగిలితే బ్రేకు లేనట్టే. దిమ్మలు ఆ నూనె పీల్చేసుకుంటాయి, ఎంత నొక్కినా జారిపోతాయి, పైపెచ్చు కీచుమని అరుస్తాయి. రిమ్ముకి నూనె అంటకూడదని నాకు తెలుసు, ఇన్నేళ్ళుగా గుడ్డ అక్కడిదాకా వెళ్ళేది కాదు. ఆ బిళ్ళే దీనికి రిమ్ము అని నా బుర్రకి తట్టలేదు. మోటారు సైకిల్ మెకానిక్ పక్క వీధిలోనే ఉన్నాడు. అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాడు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోదూ!

"బాబాయిగారూ, ఒక్కసారి గట్టు దిగి బ్రేకులు చూసుకొస్తానండి" అంది నాగమణి.

"నేను చూసేనమ్మా. తుడిచి పెట్టిందాన్ని దుమ్ము పట్టిస్తావేంటి? రేప్పొద్దున్న నేనే తెచ్చి ఇస్తాను, నువ్వెళ్ళి పడుకో."

పెద్దవాడి మాట కదా, ఆయ్ అంది. వెళ్ళిపోయింది.

గట్టు దిగుడు

పందెం గట్టు మీద మొదలు. అక్కణ్ణుంచి లంక ఇసుకలోకి దిగి, పాయ దాటి, చుట్టు తిరిగి మళ్ళీ గట్టెక్కి, చివర్న కాలవ వైపు దిగుడు దిగితే రోడ్డు మీద గీత. ఆ దిగుడు కింద కాలవ తూము, అక్కడ కుడికి తిరగాలి.

ఇసుకలో బ్రేకుతో పనిలేదు, ఇసుకే ఆపుతుంది. పాయ దగ్గర మిగతా పిల్లలు సైకిళ్ళని నీళ్ళలో ఈడ్చుకుంటూ తంటాలు పడుతుంటే, నాగమణి రోజూ చేసే పనే కాబట్టి భుజాన వేసుకుని చకచకా దాటేసింది. మళ్ళీ గట్టెక్కేసరికి వెనక దరిదాపుల్లో ఎవరూ లేరు. వీర్రాజు తువ్వాలు ఊపుతూ గంతులేస్తున్నాడు. నేను పక్కాయనతో, బిగించింది నేనేనని అప్పటికి మూడోసారి చెబుతున్నాను.

దిగుడు సగంలో కీచుమని అరుపు వినబడింది. పందిపిల్లని పట్టుకున్నట్టు, ఆగకుండా. సైకిల్ మాత్రం ఆగలేదు. తిరగాల్సిన చోట తిరక్కుండా తిన్నగా వెళ్ళి తూము గోడకి కొట్టుకుంది. ఆ అమ్మాయి గోడ మీంచి అవతల పడింది. మేం పరుగెత్తి వెళ్ళేసరికి లేచి కూర్చుని, భుజం పట్టుకుని, "నేనెన్నో స్థానమండి?" అని అడుగుతోంది. మెడ పక్క ఎముక విరిగింది. వెనకవాళ్ళు ఒక్కొక్కరే మా పక్కనుంచి వెళ్ళి గీత దాటారు.

ఎవరో సైకిల్ ఎత్తి నా చేతికిచ్చారు. డిస్కు వేడిగా ఉంది. కొబ్బరినూనె వాసన గుప్పుమంది. ఆ క్షణంలోనే నాకు మొత్తం తెలిసిపోయింది.

"దిక్కుమాలిన సైకిలండి! మంచిదని తెచ్చేను" అని వీర్రాజు నెత్తి కొట్టుకున్నాడు.

"సైకిల్‌దేం లేదండి" అన్నారు పందెం నడిపిస్తున్న పి.ఇ.టి. మాస్టారు. "దిగుడు చూసి బెదిరిపోయింది. బ్రేకు నొక్కలేదు. ఆడపిల్లల్తో ఇదేనండి, ఆఖర్న బెంబేలెత్తిపోతారు."

అందరూ నా వైపు చూశారు, పెద్ద మెకానిక్‌ని కదా. నేను గొంతు సవరించుకున్నాను.

"ఆ దిగుడు అలాంటిదండి" అన్నాను.

ఒకాయన సైకిల్‌ది అన్నాడు, ఒకాయన తొక్కేదానిది అన్నాడు, రోడ్డుది అని నేనన్నాను. సూర్యం గారి సూత్రంలో ఒక్క ముక్క పోకుండా పూర్తిచేశాం.

పదకొండు రోజులు

సైకిల్ నా షాపులోనే మూల నిలబెట్టి ఉంది. వచ్చినవాళ్ళందరికీ నేను ఉపన్యాసాలిచ్చాను. మన తేమకి పైదేశం బ్రేకులు నిలవవనీ, ఆ దిగుడుకి పంచాయతీ వాళ్ళు మట్టి వేయించాలనీ. అందరూ నిజమే నిజమే అన్నారు. మాట పడినవాడు నోరు మూసుకుంటాడంటారు. తప్పు చేసినవాడు ఎంత మాట్లాడతాడో నన్ను చూస్తే తెలిసేది.

పదో రోజున నాగమణి వచ్చింది. చెయ్యి మెడకి కట్టి ఉంది. గట్టు దగ్గర్నుంచి నడిచే వచ్చింది. బడికి కూడా కొంతదూరం నడిచి, కొంతదూరం ఆటోలో వెళుతోందట.

"ఆ సైకిల్ ఎవరికైనా ఇచ్చేయండి బాబాయిగారూ" అంది.

"అదేంటమ్మా, చెయ్యి కుదురుకుంటే..."

"చెయ్యి కాదండి." ఆ మూలకి చూసింది. "నేను రెండు చేతుల్తోనూ నొక్కేననే అనుకున్నానండి. గట్టిగా నొక్కేనండి. మాస్టారేమో నొక్కలేదంటున్నారు, అందరూ అదే అంటున్నారు. భయంలో నొక్కలేదేమోనండి. నొక్కేనో లేదో నాకే తెలీనప్పుడు ఇంకేం తొక్కుతానండి?"

అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. మా వృత్తిలో అబద్ధమాడటానికి నోరు తెరవక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. ఎముక విరగ్గొట్టింది చాలక, తన చేతుల్ని తనే నమ్మకుండా చేశాను.

మర్నాడు షాపు మూశాను. డిస్కులు సబ్బునీళ్ళతో మూడుసార్లు కడిగాను. దిమ్మలు ఊడదీసి, పొయ్యి మీద పెనంలో వేయించి, గరుకు కాగితంతో రుద్దాను. వంకరపోయిన ముందు చక్రం సరిచేశాను. గట్టు మీదికి తీసుకెళ్ళి, యాభై దాటిన ఒంటితో ఆ దిగుడు దిగాను. బ్రేకు నొక్కితే తూముకి చాలా ముందే ఆగింది. మూడుసార్లు దిగాను, మూడుసార్లూ ఆగింది. కీచుమన్న శబ్దమే లేదు. అది నూనె పట్టిన డిస్కుని గట్టిగా నొక్కినప్పుడే వస్తుంది. ఆ రోజు వందమంది విన్నాం. నొక్కిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అట్నుంచి అటే సైకిల్‌తో సహా రేవుకి వెళ్ళాను. పడవలో నాగమణి తండ్రే ఉన్నాడు.

"ఎవరింటికండి సత్తిబాబు గారూ?"

"మీ ఇంటికేనయ్యా."

"ఆయ్, రండి రండి. అమ్మాయిని చూడ్డానికా అండి? పెద్ద మనసండి మీది" అన్నాడు. ఏటి మధ్యలో దూకేద్దామనిపించింది. నాకు ఈత రాదు, అందుకని ఊరుకున్నాను.

చెప్పవలసిన చోటు

ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పాను. నూనె గుడ్డ సంగతి, వాసన సంగతి, పదకొండు రోజుల సంగతి. తండ్రి చేతిలో తెడ్డు గోడకి ఆనించాడు. నాగమణి ఒక్కటే అడిగింది.

"అయితే నేను నొక్కేనాండి?"

"నొక్కేవమ్మా. ఆ కూత నొక్కితేనే వస్తుంది. రెండు చేతుల్తోనూ నొక్కేవు. తప్పు నాది."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. చీర కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"నాకొక్కదానికీ చెబితే చాలదండి. అంతమందిలో అన్నారండి నన్ను. అంతమందిలోనే చెప్పండి."

సోమవారం సాయంత్రం హైస్కూలు గ్రౌండుకి వెళ్ళాం. పి.ఇ.టి. మాస్టారు పిల్లలచేత డ్రిల్లు చేయిస్తున్నారు. ఆ రోజు చూడటానికి వచ్చినవాళ్ళు చాలామంది అక్కడే ఉన్నారు. నేను వాళ్ళందరి ముందూ చెప్పాను. మధ్యలో ఎవరో నవ్వారు, గన్నవరం సెంటర్లో ఆ నవ్వు ఇంకో అయిదేళ్ళు వినబడింది. సూర్యం గారు చెప్పినట్టు నా దగ్గరకి ఎవరూ రాకుండా మాత్రం పోలేదు. వచ్చారు. కాకపోతే నూనె గుడ్డ ఎక్కడుందో చూసుకుని వచ్చేవారు, అది వాళ్ళకీ మంచిది, నాకూ మంచిది. కొత్తవాళ్ళు రాసుకోండి. తెలియదంటే గిరాకీ పోదు. తెలుసంటేనే ఎముకలు విరుగుతాయి.

మాస్టారు అంతా విని చేతి గడియారం చూసుకున్నారు.

"అయిపోయిన పెళ్ళికి మేళమెందుకండీ? లిస్టు జిల్లా ఆఫీసుకి పంపించేసేను."

"లిస్టు మార్చొద్దండి మాస్టారూ" అంది నాగమణి. "నా పేరుకెదురుగా మీ పుస్తకంలో ఏం రాసేరండి?"

ఆయన పుస్తకం తిప్పారు. భయపడి బ్రేకు వేయక పడిపోయినది, అని ఉంది.

"అదొక్కటీ కొట్టేసి, నొక్కిందని రాయండి."

"ఇదెవరు చదువుతారమ్మా ఇప్పుడు?" అని మాస్టారు పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, పిల్లల్ని పిలుస్తూ వెళ్ళిపోయారు.

నాగమణి ఒంటి చేత్తో సైకిల్ పట్టుకుని గ్రౌండు దాటి వెళ్ళింది. ఎముక అతికాక మళ్ళీ తొక్కింది, ఏళ్ళ తరబడి అదే ఇసుక, అదే పాయ, అదే బడి. గవర్నమెంటు ఉద్యోగం రాలేదు. బ్రేకులు సర్దుకోవడం తనే నేర్చుకుంది. ఎదురుపడితే బాగున్నారాండి అనేది గానీ, ఆ సైకిల్ మీద మళ్ళీ నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. నేనైనా వెయ్యనివ్వను.

మాస్టారు రిటైరయ్యారు. ఆ పుస్తకం ఏ బీరువాలో ఉందో, ఉందో లేదో కూడా తెలియదు. ఆ ముక్క ఆయన కొట్టెయ్యలేదని మాత్రం తెలుసు. కాబట్టి ఎవరు చదివినా చదవకపోయినా, ఇక్కడ నేను రాస్తున్నాను. నాగమణి బ్రేకు నొక్కింది.